నీళ్లు దొరకని పిల్లవాడు, నదులకు ప్రణాళిక వేసిన బాబాసాహెబ్



నెల్లూరు సముద్రపు ఒడ్డు పల్లెల్లో నీళ్ల కష్టం గురించి మీకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. మైపాడు అయినా, కృష్ణపట్నం అయినా, బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయేమోనని భయమే. ఒకప్పుడు ఇసుకలో చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవి. రొయ్యల గుంటలు వచ్చాక చాలాచోట్ల అవీ చెడిపోయాయి. అందుకే ఎక్కడో ఉన్న మంచినీటిని శుద్ధి చేసి, ఒకే పైపులైను మీద పలు ఊళ్లకు పంపే సమగ్ర రక్షిత మంచినీటి పథకాలు మనకు అవసరమయ్యాయి. పది ఊళ్లు ఒకే నీటిని పంచుకోవాలంటే ఎలా ఆలోచించాలి? బాబాసాహెబ్ జీవితాన్ని ఈ ప్రశ్నతో ఒకసారి చూడండి. రాజ్యాంగం రాసిన మనిషిగా ఆయన మనకు తెలుసు. నదుల కోసం పనిచేసిన మనిషిగా మనలో చాలామందికి తెలియదు.

ఆయన 1891 ఏప్రిల్ 14న మహూలో పుట్టారు. బడిలో దాహమేస్తే కుళాయి తనంతట తాను తిప్పుకోవడానికి వీల్లేదు. ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను రాని రోజు నీళ్లు లేవు. 1901లో అన్నతో, మేనల్లుళ్లతో కలిసి తండ్రి దగ్గరికి గోరేగావ్ బయల్దేరారు. మసూర్ స్టేషన్లో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నారు. ఒంటి మీద మంచి బట్టలున్నాయి, చేతిలో డబ్బుంది, వెంట తిండి ఉంది. కానీ తాగడానికి గుక్కెడు నీళ్లు ఎవరూ ఇవ్వలేదు. తిండి ముందు పెట్టుకుని ఆ రాత్రి పిల్లలు పస్తు పడుకున్నారు. నీళ్లు లేక కాదు, కులం ఉండి.

ఆ పిల్లవాడు పెద్దవాడై మహాడ్ వెళ్లారు. అక్కడి చవదార్ చెరువు అందరిదని మున్సిపాలిటీ 1924లోనే ఒప్పుకుంది. కాగితం మీద హక్కు ఉంది, చెరువులో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. 1927 మార్చి 20న ఆయన వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత మనవాళ్ల మీద దాడులు జరిగాయి. పేడ, పంచితం కలిపి చెరువును శుద్ధి చేశారు. కోర్టులో పదేళ్లు పోరాడితే 1937లో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది. హక్కు రాగానే నీళ్లు రావు, దాని వెంట పడాలి. ఇది మహాడ్ పాఠం.

ఇప్పుడు రెండో పాఠం. 1942లో ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. సాగునీరు, విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేవి. 1943లో దామోదర్ నదికి పెద్ద వరద వచ్చింది. చిక్కు ఎక్కడుందో చూడండి: నది పుట్టేది అప్పటి బీహార్ కొండల్లో, ముంచేది బెంగాల్ ఊళ్లను. ఆనకట్టలు పైన కట్టాలి, మేలు కింద జరగాలి. ఎవరి హద్దులో వాళ్లు ఆలోచిస్తే పని కాదు. బాబాసాహెబ్ 1945లో రెండు ప్రభుత్వాలనూ కలకత్తాలో కూర్చోబెట్టారు. నదీలోయ మొత్తాన్నీ ఒకటిగా చూడాలనీ, వరద అదుపు, సాగు, కరెంటు, పడవ రవాణా అన్నింటికీ కలిపి ఒకే ప్రణాళిక ఉండాలనీ ఆయన వాదన. అమెరికాలోని టెనసీ లోయ పథకం అందుకు నమూనా. ఆ కృషి నుంచే 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. ఈనాటి కేంద్ర జల సంఘానికి మూలమైన సంస్థ కూడా ఆయన హయాంలో 1945లోనే పుట్టింది. అయితే తర్వాత ఆ ఆనకట్టల కింద పేదల ఊళ్లు, ఆదివాసుల ఊళ్లు మునిగిన మాట కూడా నిజం. ప్రణాళిక ఎంత గొప్పదైనా, కష్టం ఎవరి మీద పడుతుందో అడిగేవాళ్లు ఉండాలి.

రాజ్యాంగంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అందరివీ అని 15వ అధికరణం చెప్తుంది. రాష్ట్రాల మధ్య నదీ తగాదాలకు దారి 262వ అధికరణంలో ఉంది. చిన్న బావి నుంచి పెద్ద నది దాకా అన్నమాట.

చివరికి 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ధమ్మదీక్ష తీసుకున్నారు. డిసెంబరు 6న పరినిర్వాణం చెందారు. మరుసటి ఏడాది అచ్చయిన ఆయన గ్రంథం 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో సిద్ధార్థుడు ఇల్లు వదిలింది రోహిణీ నది నీళ్ల తగాదా వల్ల. శాక్యులు కోలియుల మీద యుద్ధానికి సిద్ధమైతే ఆయన వద్దన్నాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఆ నలుగురూ ఎన్నుకున్న అయిదో మనిషి కలిసి తేల్చాలని అడిగాడు. సంఘం వినలేదు. యుద్ధం చేయడం కంటే పరివ్రాజకుడు కావడమే మేలనుకున్నాడు. మన ధమ్మం కథ నీళ్ల పంపకం దగ్గరే మొదలైందని గుర్తుపెట్టుకోండి.

మరి మన సంగతి? ఒకచోట నేను కళ్లారా చూశాను. లైను మొదట్లో ఉన్న ఊళ్లో మోటార్లు పెట్టి లాగుతుంటే, కొసన ఉన్న మన కాలనీలో, యానాదుల గుడిసెల దగ్గర బిందెలు వరసలో ఎండుతున్నాయి. మనవాళ్లు పక్క పల్లె వాళ్లతో తగాదా పడ్డారే గానీ, వాల్వు తిప్పే వేళలు ఎవరు నిర్ణయించారని ఎవరూ అడగలేదు. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, మనకూ చోటు ఉండాలి. అది నియమం. మీ ఊళ్లో ఆ పేర్లు ఎవరివో ఈ వారమే కనుక్కోండి. గ్రామసభకు వెళ్లండి. కొస పల్లెకు ఎన్ని గంటలు, ఎన్ని బిందెలు వస్తున్నాయో రాసుకుని పోండి. లైను మీదున్న అన్ని పల్లెల నుంచీ ఇద్దరిద్దరు కలిసి కూర్చోండి, మత్స్యకారులను, యానాదులను కలుపుకోండి. కొసన ఉన్న ఇంటికి నీళ్లు అందేలా లెక్క వేస్తే, మధ్యలో ఉన్నవాళ్లందరికీ అందుతాయి.

పంచశీల చదివి ఇంటికి వెళ్లిపోతే ధమ్మం అక్కడే ఆగిపోతుంది. పక్కవాడి బిందె నిండిందా అని చూడటం కూడా మైత్రే.

నమో బుద్ధాయ! జై భీమ్!