రెండో చీర

డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు ఒక స్కూల్లో పాఠాలు చెప్పాను. జ్వరమొచ్చి రెండ్రోజులు వెళ్ళకపోతే జీతం కోశారు గానీ, ఎలా ఉందని హెడ్‌మిస్ట్రెస్ అడగనేలేదు. మానేశాను. అందుకేనేమో, సావిత్రీబాయి ఫూలే అనగానే నాకు ముందు ఆవిడ చీరలే గుర్తొస్తాయి.

1831లో సతారా దగ్గర నాయ్‌గావ్‌లో పుట్టిన ఆవిడకి తొమ్మిదేళ్ళకే పెళ్ళి. అక్షరాలు దిద్దించింది భర్త జ్యోతిబాయే. 1848లో పుణేలో ఆడపిల్లల బడి పెట్టి, ఆవిడనే పంతులమ్మని చేశారు. అప్పటికి ఆవిడకి 17 ఏళ్ళు. బడికెళ్ళే దారిలో పేడా, మట్టీ విసిరేవారు. జ్యోతిబా ధైర్యం చెప్పి ఊరుకోలేదు. దారికి ముతక చీర, బడికెళ్ళాక కట్టుకోవడానికి మంచి చీర, రెండూ అమర్చిపెట్టారు. ఎంత చిన్న సంగతో చూడండి! మర్నాడు మళ్ళీ గడప దాటాలంటే ఆవిడకి కావలసింది అదే మరి.

తర్వాత ఆ గుణం ఆవిడకీ వచ్చింది. తోడుగా ఫాతిమా షేక్ పాఠాలు చెప్పేవారు. 1856లో జబ్బుచేసి పుట్టింటికెళ్ళిన సావిత్రీబాయి, భర్తకి ఉత్తరం రాస్తూ ఫాతిమా మీద పనిభారం పడుతోందనీ, అయినా ఆమె సణుక్కునే మనిషి కాదనీ తలుచుకున్నారు. ఒంట్లో బాగోలేనప్పుడు మనకి పక్కవాళ్ళ కష్టం గుర్తుంటుందా?

1897లో ప్లేగు రోగులకి సేవ చేస్తూ, ఆ ప్లేగుతోనే పోయారు.

నా గురించి కూడా అలా ఒక్క ముక్క ఎవరైనా అనుకుని ఉంటే, నేనింకా ఆ స్కూల్లోనే ఉండేదాన్నేమో.