సీసా తెస్తే నింపి ఇచ్చిన అనిత

ఈమధ్య ఏ సబ్బు తీసుకున్నా, ఏ షాంపూ కొన్నా పైన ఓ పచ్చటి ఆకు బొమ్మ ఉంటోంది. పర్యావరణానికి మేలు చేసే సరుకని కింద రాస్తారు. అది చూసినప్పుడల్లా నాకు అనితా రాడిక్ గుర్తొస్తుంది.

ఆమె 1942లో ఇంగ్లండులోని లిటిల్‌హాంప్టన్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టింది. అమ్మానాన్నలు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు, హోటలు నడిపేవారు. యుద్ధకాలపు ఇబ్బందులు చూసిన తల్లి ఏ వస్తువునూ ఊరికే పారేయనిచ్చేది కాదు. అనిత కొన్నాళ్లు టీచరుగా పనిచేసింది, దేశాలు తిరిగింది, గోర్డన్‌ను పెళ్లాడింది. ఇద్దరు ఆడపిల్లలు.

1976లో భర్త గుర్రం మీద దక్షిణ అమెరికా నుంచి న్యూయార్క్ వెళ్తానని బయల్దేరాడు. మరి ఇల్లు గడవాలి కదా! నాలుగు వేల పౌండ్లు అప్పు తెచ్చి బ్రైటన్‌లో చిన్న కొట్టు తెరిచింది. దాని పేరు ది బాడీ షాప్. గోడల మీది చెమ్మ మరకలు కనబడకుండా ముదురాకుపచ్చ రంగు వేసింది. ఆసుపత్రుల్లో మూత్ర పరీక్షకు వాడే చవక సీసాల్లో క్రీములు నింపింది. అవీ చాలినన్ని లేక, ఖాళీ సీసా తెస్తే మళ్లీ నింపి ఇస్తానంది. లేబుళ్లు చేత్తో రాసినవే. లోకం తర్వాత పర్యావరణ ప్రేమగా మెచ్చుకున్నవన్నీ మొదట చేతిలో డబ్బుల్లేక చేసినవేనన్నమాట! ఆ సంగతి ఆమె దాచకుండా చెప్పుకుంది. నాకు ఆమెలో నచ్చింది అదే.

ప్రకటనలకు డబ్బు పోయకుండా కొట్టు అద్దాల మీదే పోస్టర్లు అంటించింది. 1986లో గ్రీన్‌పీస్‌తో కలిసి తిమింగలాల కోసం, 1989లో అమెజాన్ అడవుల కోసం ప్రచారం చేసింది.

పేరుతోపాటు ప్రశ్నలూ వచ్చాయి. సహజమని అమ్ముతున్న వాటిలో రసాయనాలున్నాయని, చెప్పినంత చేయడం లేదని 1994లో ఓ అమెరికా జర్నలిస్టు రాశాడు. కంపెనీ గట్టిగా ఖండించింది. అయితే 1996లో సిబ్బంది, జంతువులు, పర్యావరణం విషయంలో తన పనితీరు మీద బయటివాళ్లు సరిచూసిన నివేదికను అచ్చువేసింది. ఉద్యోగుల అసంతృప్తులు కూడా అందులో ఉన్నాయి. తన లోపాలు తనే అచ్చువేయడం ఏ వ్యాపారికైనా తేలికా చెప్పండి?

2006లో కంపెనీని లోరియల్‌కు అమ్మేస్తే అభిమానులు చాలామంది నొచ్చుకున్నారు. పెద్ద కంపెనీని లోపలినుంచి మార్చవచ్చని ఆమె నమ్మకం. 1971లో కాన్పు సమయంలో ఎక్కించిన రక్తం వల్ల హెపటైటిస్ సి సోకిందని 2007లో బయటికి చెప్పి, ఇతరులను హెచ్చరించింది. ఆ ఏడాదే సెప్టెంబరు 10న, 64 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

అందుకే ఆకు బొమ్మ చూసి మురిసిపోకండి. ఏది తగ్గించారు, ఎంత తగ్గించారు, ఆ లెక్క బయటివాళ్లెవరైనా చూశారా, ఈ ఖాళీ సీసా తిరిగి తీసుకుంటారా? ఈ నాలుగూ అడగండి. బియ్యంలో రాళ్లేరుకునే మనకి ఇదో లెక్కా!