బాటసారుల మిత్రుడు కార్ల్ బేడెకర్

దేశాటనము విజ్ఞానమునకు గొప్ప సాధనమని పెద్దలు చెప్పుదురు. కాని ఎఱుగని ఊరికి పోయినవానికి అడుగడుగున సందేహమే. ఎక్కడ బస చేయవలెను? బండివానికి ఎంత కూలి ఈయవలెను? ఉన్న రెండు దినములలో ఏవి చూడవలెను, ఏవి విడువవలెను? భార్యాబిడ్డలతో బయలుదేరిన గృహస్థునకు ఈ చింత మఱింత ఎక్కువ. అతడొక్కడు పొరపడినచో ఇంటిల్లిపాదియు అలసట పాలగుదురు. ఇట్టి ప్రశ్నలకు నమ్మదగిన సమాధానములను చిన్న పుస్తకమున కూర్చి ప్రయాణికుల చేతి కందించుటయే తన జీవితకార్యముగా పెట్టుకొన్నవాడు కార్ల్ బేడెకర్.

బేడెకర్ 1801వ సంవత్సరము నవంబరు 3వ తేదీన జర్మనీ దేశమందలి ఎస్సెన్ పట్టణమున జన్మించెను. తండ్రి ముద్రాపకుడు, పుస్తక విక్రేత. ఆయనకు కలిగిన పదిమంది సంతానములో కార్ల్ పెద్దవాడు. అచ్చు సిరా వాసన, కొత్త కాగితముల గలగలలు ఆ బాలునకు పుట్టినింటి నుండియే పరిచితములు. యుక్తవయస్సున అతడు హైడెల్‌బర్గ్ నగరమునకు పోయి విద్య నభ్యసించుచు, ఒక పుస్తకశాలలో పని నేర్చెను. పిమ్మట బెర్లిన్ నగరమున మఱియొక ప్రసిద్ధ ప్రచురణకర్త కడ కొంతకాలము పనిచేసెను. ఈ విధముగా వృత్తిలోని మెలకువలను గ్రహించి, 1827లో కోబ్లెంజ్ పట్టణమున సొంతముగా పుస్తకశాలను స్థాపించెను.

కోబ్లెంజ్ పట్టణము రైన్, మోసెల్ నదుల సంగమస్థానమున నున్నది. నదికి ఇరువైపుల కొండలు, కొండలపై శిథిల దుర్గములు, వాలులయందు ద్రాక్షతోటలు కన్నులపండువుగా నుండును. బేడెకర్ అంగడి తెఱచిన యేడే రైన్ నదిపై కొలోన్, మైంజ్ నగరముల నడుమ పొగయోడలు క్రమముగా నడువ నారంభించెను. దానితో యాత్రికుల సంఖ్య నానాటికి పెరిగెను. దూరదేశముల నుండి కుటుంబములతో వచ్చిన వారికి ఆ ఊళ్లు కొత్త, నాణెములు కొత్త, భాషయు కొత్త. వారు కూలికి దొరకు మార్గదర్శకుల మాటపైనను, సత్రముల యజమానుల మాటపైనను ఆధారపడక తప్పెడిది కాదు. అట్టివారిలో మంచివారును కలరు. కాని యాత్రికుని అమాయకతయే పెట్టుబడిగా బ్రదుకువారు నుండిరి.

1832లో బేడెకర్ తన ఊరిలోనే మూతపడిన యొక ప్రచురణ సంస్థను కొనెను. ఆ సంస్థ 1828లో క్లైన్ అను పండితుడు రచించిన రైన్ యాత్రా గ్రంథమును ప్రకటించియుండెను. అది శీఘ్రముగా ప్రయాణము చేయువారి కొఱకు ఉద్దేశింపబడినది. గ్రంథకర్త అంతకు ముందే మరణించెను. ఉన్న పుస్తకమును ఉన్నట్లే మరల అచ్చు వేసినచో శ్రమ లేదు, ఖర్చును తక్కువ. కాని ఓడల వేళలు మారినవి, వెలలు మారినవి, క్రొత్త బసలు వెలసినవి. పాత మాటలను నమ్మి వచ్చిన యాత్రికుడు నదీతీరమున దిక్కు తోచక నిలుచుండడా? బేడెకర్ సులభమార్గమును విడిచెను. 1835లో ఆ గ్రంథమును సవరించి వెలువరించెను. 1839లో వెలువడిన మూడవ కూర్పునందైతే చాల భాగము తానే తిరిగి వ్రాసెను.

ఆ కాలముననే ఇంగ్లండులో జాన్ ముర్రే అను ప్రచురణకర్త 1836 నుండి యాత్రికుల కరదీపికలను ప్రకటించుచుండెను. ఆ పుస్తకముల గుణమును బేడెకర్ మెచ్చుకొనెను. వానినుండి తాను నేర్చుకొన్న సంగతిని దాచక ఒప్పుకొనెను. తరువాత తన గ్రంథములకు సైతము ముర్రే పుస్తకములవలె ఎఱ్ఱని అట్టలు వేయించెను. ఇతరుల కడ మంచిని గ్రహించి, ఆ ఋణమును అంగీకరించుట సజ్జనుల లక్షణము కదా.

బేడెకర్ పద్ధతి మిక్కిలి కఠినమైనది. తాను వర్ణింపదలచిన చోటికి తానే పోయెడివాడు. తన పేరు వెల్లడింపక సామాన్య యాత్రికునివలె బస చేసి, గది శుభ్రతను, భోజనపు రుచిని, పనివారి మర్యాదను పరీక్షించెడివాడు. ఆయన శ్రద్ధను గూర్చి విన్‌కె అను సమకాలికుడు తాను కన్నులార చూచిన యొక వృత్తాంతమును చెప్పియున్నాడు. మిలాన్ నగరమందలి మహాదేవాలయపు కప్పుమీదికి పోవు మెట్లను ఒక పెద్దమనిషి ఎక్కుచు, ఇరువది మెట్ల కొకసారి ఆగి, ఒక జేబులోని బఠానీగింజ నొకదానిని తీసి మఱియొక జేబులో వేయుచుండెను. మెట్ల లెక్క తప్పకుండుటకై ఆయన కనిపెట్టిన ఉపాయ మది. దిగునప్పుడు మరల అట్లే లెక్కించి సరిచూచుకొనెను. ఆయనయే బేడెకర్! మెట్లెన్నియో తెలిసినచో వృద్ధులును, చిన్నబిడ్డల తల్లులును ఎక్కవలెనో మానవలెనో ముందే నిర్ణయించుకొనవచ్చును. ఆ గింజల లెక్క వెనుక నున్న దయ అది.

1839లో బెల్జియము, హాలండు దేశములను గూర్చియు, 1842లో జర్మనీ, ఆస్ట్రియాలను గూర్చియు, 1844లో స్విట్జర్లాండును గూర్చియు, 1855లో పారిస్ నగరమును గూర్చియు ఆయన గ్రంథములు వెలువడెను. 1846 నుండి ముఖ్యముగా చూడదగిన వానికి నక్షత్రపు గుర్తు పెట్టసాగెను. కాలము చాలనివాడు ఆ గుర్తులను చూచి యాత్రను కుదించుకొనవచ్చును. మార్గములు, దూరములు, వెలలు, పటములు, అన్నియు జేబులో పట్టు పుస్తకమున ఇమిడియుండెను. పొరపాట్లు కనబడినచో తెలుపవలసినదిగా ఆ సంస్థ పాఠకులను కోరెడిది. సత్రముల వారి ప్రకటనలకు ఆ పుటలలో చోటు లేదు. ధనమిచ్చి అందు ప్రశంసను కొనుట అసాధ్యము.

ఇట్లు విశ్రాంతి యెఱుగక పనిచేసిన బేడెకర్ 1859 అక్టోబరు 4వ తేదీన, ఏబదియేడేండ్ల ప్రాయమున కోబ్లెంజ్‌లో మరణించెను. కుమారులు ఎర్నెస్ట్, కార్ల్, ఫ్రిట్జ్ తండ్రి కార్యమును కొనసాగించిరి. 1861లో రైన్ గ్రంథము ఇంగ్లీషున వెలువడెను. 1872లో సంస్థ లైప్జిగ్ నగరమునకు మారెను. 1914లో మన భారతదేశమును గూర్చియు జర్మను భాషలో ఒక గ్రంథము వచ్చెను. అనేక దేశములలో బేడెకర్ అను పేరే యాత్రాదర్శినికి పర్యాయపదమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1943 డిసెంబరులో, లైప్జిగ్‌లోని ఆ సంస్థ భవనము బాంబుల వలన నాశనమయ్యెను. అయినను ఆ పేరు నశింపలేదు. యుద్ధానంతరము గ్రంథములు మరల వెలువడెను.

ఆ కాలముననే మన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరములలో పరివారముతో చెన్నపట్టణమునుండి కాశీయాత్ర చేసి, దారిలోని మజిలీలను, వసతులను వ్రాసియుంచెను. 1838లో అచ్చయిన ఆ గ్రంథమునకును స్వయముగా చూచి వ్రాయుటయే బలము.

నేడు తీర్థములకే కాక, పిల్లల వేడుకకై పెద్ద వినోదవనములకు సైతము కుటుంబములు పుస్తకము చేతబట్టి పోవుచున్నవి. అంగడిలో అట్టి పుస్తకములు అనేకములు కనబడును. అట్ట మెఱుపును చూచి మోసపోరాదు. వ్రాసినవాడు అచ్చటికి పోయి చూచెనా, ఏ యేటి కూర్పు, వెలలను వేళలను సరిచూచెనా, ఎవరి సొమ్మునకైన లోబడి పొగడెనా అని విచారింపవలెను. మెట్టు మెట్టునకు లెక్క పెట్టినవాని మాటనే మనము నమ్మి నడువవచ్చును. మనము ఇతరులకు దారి చూపవలసివచ్చినప్పుడు సైతము, ముందు ఆ దారిని మనము నడచి చూడవలెనని బేడెకర్ జీవితము బోధించుచున్నది.