జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, యంత్ర నిర్మాత, వ్యవసాయ ప్రయోగశీలి, విద్యాదాత. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని వ్యవహరిస్తారు. ప్రాథమిక విద్యను మించి బడిచదువు లేకపోయినా, యంత్రాలను విప్పి, పరిశీలించి, తిరిగి బిగించడం ద్వారానే ఇంజనీరింగు నేర్చుకున్నాడు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు ఈయన కర్మాగారం నుండే వెలువడిందని ప్రతీతి. ఈయన రూపొందించిన విద్యుత్ క్షౌరయంత్రం జర్మనీలో తయారైంది. యంత్రం ధనికుల ఇంటి అలంకారంగా మిగలక సామాన్యునికీ, రైతుకూ అందుబాటు ధరలో లభించాలన్నది ఈయన జీవితమంతా కొనసాగించిన ప్రయత్నం. ఆ ప్రయత్నం కొన్నిచోట్ల ఫలించింది, కొన్నిచోట్ల ప్రభుత్వ అనుమతులు లభించక ఆగిపోయింది.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. విజయనగర రాజులు, నాయక రాజుల కాలంలో తమిళ దేశానికి తరలివెళ్ళి, నల్లరేగడి నేలల్లో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. ఇంట తెలుగు, ఊర తమిళం వీరికి తరతరాలుగా అలవాటు.

నాయుడు చిన్నతనంలోనే తల్లిని కోల్పోయాడు. బడి అంటే ఇష్టముండేది కాదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయేవాడనీ, అందుకు తరచు దండనకు గురయ్యేవాడనీ ఈయన జీవిత చరిత్రలు తెలుపుతున్నాయి. చదువు అంతటితో ఆగిపోయి, పొలం పనులలో ప్రవేశించాడు.

యుక్తవయస్సులో ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలుపై ఆ ఊరికి వచ్చాడు. ఎద్దుగానీ గుర్రంగానీ లేకుండా దానంతట అది కదిలే ఆ బండి నాయుడు మనసును పూర్తిగా ఆకట్టుకుంది. అటువంటి బండిని సంపాదించాలని ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేశాడు. సుమారు మూడేళ్ళపాటు కూడబెట్టిన సొమ్ముతో ఆ రడ్జ్ మోటారు సైకిలును కొన్నాడు. దానిపై ఊరేగడంతో తృప్తి చెందక, దాని భాగాలన్నీ విడదీసి, ఒక్కొక్కటి ఏ పని చేస్తుందో గ్రహించి, తిరిగి యథాతథంగా అమర్చాడు. ఈయన యంత్ర విద్యకు ఇదే తొలి పాఠం. తరువాత మెకానిక్‌గా జీవనం సాగించాడు. కొంతకాలం పత్తి వ్యాపారం కూడా చేసి నష్టపోయాడు.

రవాణా రంగం

1920లో కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ సహాయంతో నాయుడు ఒక బస్సును కొని, పొళ్ళాచ్చి - పళని పట్టణాల మధ్య తానే నడపసాగాడు. ఇదే కాలక్రమాన యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) అనే సంస్థగా ఎదిగింది. కొన్నేళ్ళలోనే దేశంలో సమర్థంగా నడిచే ప్రయాణికుల రవాణా సంస్థలలో ఒకటిగా దీనికి పేరు వచ్చింది.

బస్సుల మరమ్మతు కోసం నెలకొల్పిన కార్ఖానా నాయుడుకు ప్రయోగశాల అయింది. విదేశాల నుండి వచ్చే విడిభాగాలకై నెలల తరబడి ఎదురుచూడవలసిన ఆ రోజులలో, అవసరమైన భాగాన్ని స్థానికంగా తయారుచేసుకోగలగడం వ్యాపారానికి ప్రాణావసరం. బస్సు ఆగితే రాబడి ఆగుతుంది. ఈ అవసరం నుండే ఈయన తయారీ రంగం వైపు మళ్ళాడు.

జర్మనీతో సంబంధం

1930వ దశకంలో నాయుడు ఇంగ్లండు, జర్మనీ మొదలైన ఐరోపా దేశాలు పర్యటించాడు. ఛాయాగ్రహణంపై ఆసక్తి మెండు. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీశాడు. నాజీ పాలనలో ఉన్న అప్పటి జర్మనీలో హిట్లరును కూడా తన కెమెరాతో చిత్రించాడు.

నాటి జర్మనీ యంత్ర నిర్మాణంలో అగ్రగామి. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మోటారు వాహనం మాన్‌హైమ్ నగరంలో రూపొందింది. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిచింది. మాన్‌హైమ్‌లోనే హెన్రిక్ లాంజ్ స్థాపించిన సంస్థ 1921లో బుల్‌డాగ్ అనే ట్రాక్టరును విడుదల చేసింది. దీనికి ఒకే ఒక సిలిండరు. మొదట దాని తలభాగాన్ని బ్లోలాంపుతో ఎర్రగా కాల్చి, ఆపై చక్రాన్ని చేతితో తిప్పి నడిపించేవారు. నాసిరకం ముడి నూనెతోనూ నడిచేది. భాగాలు తక్కువ కావడంతో పల్లెలోని కమ్మరి కూడా బాగుచేయగలిగేవాడు. పాత జర్మన్ వ్యవసాయ యంత్రాలపై నేటికీ తరగని ఆదరణకు ఈ సరళత, మన్నిక ముఖ్య కారణాలు. నాయుడు యంత్రాలలో కోరుకున్న గుణాలు కూడా ఇవే.

ఈయన రూపొందించిన విద్యుత్ క్షౌరయంత్రం చిన్న మోటారు, బ్యాటరీలతో పనిచేసేది. రసాంట్ అనే పేరుతో ఇది జర్మనీలో నెకార్ నదీతీరంలోని హైల్‌బ్రాన్ నగరంలో తయారైంది. యంత్రాలన్నీ ఐరోపా నుండి భారతదేశానికి దిగుమతి అయ్యే కాలంలో, ఒక భారతీయుని రూపకల్పన జర్మన్ కర్మాగారంలో వస్తువుగా మారడం విశేషం.

విద్యుత్ మోటారు, నీటిపంపులు

కోయంబత్తూరు పడమటి కనుమల వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంది. వర్షం తక్కువ, బావులు లోతు. మోటార్లు రాకపూర్వం రైతులు ఎద్దులను పూన్చిన మోటతో నీరు తోడేవారు. రాయలసీమలో దీనినే కపిల అంటారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో నీరు పైననే ఉన్న నూతుల వద్ద, చెరువుల వద్ద ఏతం సరిపోయేది గానీ, కోయంబత్తూరు లోతు బావులకు అది చాలదు. ఒక జత ఎద్దులు, ఒక మనిషి రోజంతా శ్రమించినా తడిసే నేల స్వల్పం. ఎద్దులను మేపే ఖర్చు ఏడాది పొడవునా తప్పదు.

1932లో నీలగిరి కొండలలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమై, కోయంబత్తూరు ప్రాంతానికి విద్యుత్తు అందింది. నూలు మిల్లులు వేగంగా పెరిగాయి. విద్యుత్తు పల్లెకు చేరువైనా, మోటార్లు మాత్రం విదేశాల నుండే రావలసి ఉండేది. ఈ లోటును తీర్చడానికి పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారం ఏర్పడింది. 1937లో ఇక్కడ తయారైన మోటారునే భారతదేశపు తొలి విద్యుత్ మోటారుగా పేర్కొంటారు. ఈ కృషిలో నాయుడుతో పాటు డి.బాలసుందరం నాయుడుకు ప్రధాన భాగం ఉంది. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు.

మోటారుకు పంపును జతచేయడంతో బావి స్వరూపమే మారింది. ఎద్దులు మోటను లాగుతూ ఎక్కిదిగే ఏటవాలు బాట అవసరం లేకపోయింది. కాలక్రమంలో కోయంబత్తూరు దేశంలోని ప్రధాన పంపుసెట్ల తయారీ కేంద్రంగా ఎదిగింది. టెక్స్‌మో, సుగుణ, సి.ఆర్.ఐ. మొదలైన పంపులు ఈ నగరానివే. ఈ పరిశ్రమ ఏ ఒక్కరి సృష్టీ కాదు. పి.ఎస్.జి. సంస్థల సాంకేతిక శిక్షణ, పోతపోసే ఫౌండ్రీలు, మిల్లుల మరమ్మతు షాపులు, మోటారు తయారీ కలిసి ఈ పరిశ్రమకు పునాది వేశాయి.

వ్యవసాయ ప్రయోగాలు

నాయుడు రైతుబిడ్డ. యంత్రాలలో మునిగినా సేద్యాన్ని విడువలేదు. తన తోటలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ప్రయోగాలు చేసి, కొత్త రకాలను గుర్తించాడు. మనిషి ఎత్తును మించి పెరిగిన పత్తి మొక్కలు, పెద్ద బొప్పాయి కాయలు చూపరులను ఆకర్షించాయి. సర్ సి.వి.రామన్, సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ తోటను సందర్శించారు. సిద్ధ వైద్యం పట్ల కూడా నాయుడుకు ఆసక్తి ఉండేది.

ఇతర ఆవిష్కరణలు, అనుమతుల సమస్య

పలుచని క్షౌరపు బ్లేడ్లు, కెమెరాలో దూరాన్ని సరిచేసే సాధనం, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే పంకా, మోసానికి తావులేని ఓట్ల నమోదు యంత్రం ఈయన రూపొందించినవాటిలో కొన్ని. అయిదు వాల్వుల రేడియోను కేవలం 70 రూపాయలకు తయారుచేయగలనని 1941లో ప్రకటించాడు.

1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర సుమారు 2,000 రూపాయలు. పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1951లో రూపొంది, మరుసటి ఏడాది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ముఖ్య పరిశ్రమలలో ఉత్పత్తికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. నాయుడు కారుకు ఆ లైసెన్సు లభించలేదు. తయారీ ఆగిపోయింది. అధిక పన్నుల పట్ల కూడా ఈయనకు తీవ్ర అసమ్మతి ఉండేది. 1950వ దశకంలో నిరసనగా తన వస్తువులను కొన్నింటిని బహిరంగంగా పగులగొట్టించాడు. నిర్మాణాన్నే ప్రేమించిన వ్యక్తి తన చేతి వస్తువులను తానే ధ్వంసం చేయించడం నాడు చర్చనీయాంశమైంది.

ఇదే దశాబ్దంలో వ్యవసాయ యంత్రాల విషయంలో మరొక మార్గం కనిపిస్తుంది. జర్మనీకి చెందిన ఐషర్ సంస్థ సాంకేతిక సహకారంతో 1959లో ఫరీదాబాదులో భారతదేశంలో తయారైన తొలి ట్రాక్టరు వెలువడింది. విదేశీ సహకారంతో లైసెన్సు పొందిన పరిశ్రమలు నిలదొక్కుకోగా, స్వంత రూపకల్పనతో ముందుకు వచ్చిన నాయుడు కారు నమూనా దశలోనే నిలిచిపోయింది.

విద్యాసేవ

1944లో నాయుడు రవాణా సంస్థ నిర్వహణ నుండి వైదొలగి, పరిశోధక విద్యార్థులకు ఉపకార వేతనాలు, ఉద్యోగులకు, అణగారిన వర్గాలకు సంక్షేమ పథకాలు ప్రకటించాడు. నిరుద్యోగ యువకులకు శిక్షణ ఇవ్వడానికి పారిశ్రామిక కార్మిక సంక్షేమ సంఘాన్ని స్థాపించాడు.

ఈయన కృషి, విరాళాలతో 1945లో అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. నాయుడు పాలిటెక్నిక్‌కు ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు కాలహరణమనీ, యంత్రాల వద్ద శిక్షణ పెంచితే రెండేళ్ళు చాలుననీ ఈయన అభిప్రాయం. ప్రభుత్వం దీనికి సమ్మతించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. కళాశాల తరువాత తడాగం రోడ్డుకు తరలి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. మొదట అది ఉన్న అవినాశి రోడ్డు ప్రాంతాన్ని ప్రజలు ఇప్పటికీ హోప్స్ కాలేజి అనే పిలుస్తారు.

బడి నుండి పారిపోయిన బాలుడే కళాశాల స్థాపనకు కారకుడైనా, బడిపై చిన్ననాటి అసంతృప్తి ఈయనను వీడలేదు. చేతితో చేయని చదువు నిలువదన్న నమ్మకమే ఈ రెండు దశలనూ కలుపుతున్నది.

చివరి దశ, స్మృతి చిహ్నాలు

1967లో ఉదయం పునాదితో మొదలుపెట్టి సాయంత్రానికల్లా ఒక ఇంటిని పూర్తిచేయించి, తక్కువ ఖర్చుతో గృహనిర్మాణం సాధ్యమని నిరూపించాడు. తాను సేకరించిన, రూపొందించిన వస్తువులతో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పాడు. 1974 జనవరి 4న మరణించాడు.

ఈయన కుమారుడు జి.డి.గోపాల్, కుటుంబ సభ్యులు సంస్థలను కొనసాగించారు. 2015లో ప్రారంభమైన జీడీ కార్ మ్యూజియంలో జర్మనీతో సహా పలు దేశాల పాతకాలపు కార్లను భద్రపరచారు. నాయుడుపై ఫిలిమ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీకి 2019లో ప్రకటించిన 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో బహుమతి లభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన సుమారు పది కిలోమీటర్ల పైవంతెనకు జి.డి.నాయుడు పేరు పెట్టారు.

విశిష్టత

నాయుడు రూపొందించిన వస్తువులలో అధికభాగం విస్తృతమైన ఉత్పత్తికి నోచుకోలేదు. 70 రూపాయల రేడియోగానీ, 2,000 రూపాయల కారుగానీ సామాన్యుని ఇంటికి చేరలేదు. అయితే ఈయనా, ఈయన సహచరులూ తొలి అడుగు వేసిన విద్యుత్ మోటారు మాత్రం పల్లెపల్లెకు చేరింది. మోట మోసిన ఎద్దుకు విశ్రాంతినిచ్చి, లోతు బావి నీటిని పొలానికి అందించిన ఆ యంత్రమే ఈ తెలుగు యంత్ర నిర్మాత ఆశయానికి దక్కిన ప్రధాన ఫలితం.