చీమలను చదివిన వైద్యుడు

చీమలను చూడనివారుండరు. కాని ఒక చీమను చూసి అది ఏ జాతిదో చెప్పగలవారు బహు అరుదు. పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణ భారతదేశపు చీమల రూపురేఖలను, నడవడిని శ్రద్ధగా గమనించి అక్షరబద్ధం చేసిన శాస్త్రజ్ఞుడు థామస్ కావర్‌హిల్ జెర్డన్.

జెర్డన్ 1811లో ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరోలో విద్యాభ్యాసం చేసి, 1836లో ఈస్టిండియా కంపెనీ సహాయ వైద్యుడిగా మద్రాసు చేరాడు. వృత్తి వైద్యమైనా ఆయన ప్రవృత్తి ప్రకృతి పరిశీలనమే. గంజాం మొదలు నీలగిరుల వరకు, ఉద్యోగరీత్యా ఎక్కడికి వెళ్లినా అక్కడి పక్షులను, జంతువులను, కీటకాలను పరిశీలించేవాడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్న కాలంలో యానాదుల నుండి అడవి జీవుల విశేషాలెన్నో తెలుసుకొన్నాడు. మన కలివికోడి 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది ఆయన వల్లనే. అంతరించిపోయిందనుకొన్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది.

1851లో జెర్డన్ దక్షిణ భారతదేశపు చీమల పట్టికను మద్రాసు నుండి వెలువడే ఒక శాస్త్ర పత్రికలో ప్రకటించాడు. చచ్చిన చీమను సూదికి గుచ్చి పరీక్షిస్తే దాని దవడలు, నడుము, కన్నులు కనిపిస్తాయి. కాని దాని నడక, వేట, గూడు కట్టే తీరు కనిపించవు. జెర్డన్ చీమలను వాటి తావులలోనే, బ్రతికి ఉండగానే గమనించాడు. అందువల్లనే పొడవైన దవడలతో, పెద్ద కన్నులతో ఎగిరి దూకే చీమకు గెంతునదని, బారులు తీరి సాగే చీమకు ఊరేగునదని అర్థమిచ్చే లాటిన్ పేర్లు పెట్టాడు.

ఆయన కృషిలో లోపాలు లేకపోలేదు. కొన్ని వర్ణనలు మరీ క్లుప్తమైనందున, ఆయన ఏ చీమను ఉద్దేశించాడో తరువాతి పండితులకు అంతుచిక్కలేదు. జీవిని చూస్తే చాలదు. మరొకరు గుర్తించగలిగేటట్లు వర్ణించాలన్న పాఠాన్ని ఆ లోపాలే నేర్పాయి. వర్ణన స్పష్టంగా ఉన్నచోట మాత్రం ఆయన పెట్టిన పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. 2010లో ప్రపంచంలోనే మొదటిసారిగా జన్యుపటం వెలువడిన రెండు చీమ జాతులలో ఆయన గుర్తించిన గెంతుడు చీమ ఒకటి.

అనంతరం భారతదేశపు పక్షులపై, క్షీరదాలపై ఉద్గ్రంథాలు రచించిన జెర్డన్ 1872లో ఇంగ్లండులో మరణించాడు. ఆయనకు కీర్తి తెచ్చినవి పక్షులే అయినా, అల్పమైన చీమను సైతం ఓర్పుతో పరిశీలించిన ఆయన దృష్టి విద్యార్థులకు ఆదర్శప్రాయం.