శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత

మన గ్రంథాలయమున మహాపురుషుల చరిత్రములు పెక్కు కలవు. విద్యుచ్ఛక్తి శాస్త్రమున పట్టము గొన్న తెలుగింటి ఆడపడుచు చరిత్రము మాత్రము లేదు. ఆ కొరత తీర్చుటకై ఈ నాలుగు మాటలు.

లలితగారు 1919లో మద్రాసున జన్మించిరి. పదునైదవ యేట వివాహము, పదునెనిమిదవ యేట వైధవ్యము. ఒడిలో నాలుగు నెలల ఆడుశిశువు. నాటి ఆచారము అట్టివారిని మూలగదికే అప్పగించెడిది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమునకే ఆచార్యులు. వైద్యము చదివినచో వేళగానివేళ బిడ్డను విడిచి పోవలసివచ్చునని ఆమె ఇంజనీరింగునే కోరిరి. స్త్రీలకు అందు ప్రవేశము లేని కాలమది; తండ్రి పూనికతో 1940లో అనుమతి లభించెను. వందలాది మగపిల్లల నడుమ మొదట ఆమె యొక్కరే. పిదప సివిలు శాఖలో పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి చేరిరి.

1943లో చదువు ముగిసెను. అచ్చుపట్టాలో ‘అతడు’ అను అర్థమిచ్చు ఆంగ్లపదమును కొట్టివేసి, ‘ఆమె’ అని దిద్దవలసివచ్చెను. లెక్కలు వ్రాయు నావంటివానికి కొట్టివేత యన్న జంకు; ఈ దిద్దుబాటు మాత్రము కన్నులకు పండుగ.

పిమ్మట జమాల్పూరు రైల్వే కర్మాగారమున శిక్షణ, సిమ్లాలోను కలకత్తాలోను ఉద్యోగము. భాక్రా నంగల్ విద్యుదుత్పాదక యంత్రముల పనిలో ఆమె చేయి కలదు. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు వెళ్ళిరి. 1979లో, అరువదవ యేట, దివంగతులైరి.