జోలె పట్టిన చేతితో దవాఖానా చట్టం
పరిషత్తు పెట్టిన ఎన్టీ రామారావు

మహమ్మద్‌నగర్ పల్లెల్లో జబ్బు ముదిరితే రోగిని బాన్సువాడకో, ఎల్లారెడ్డికో తీసుకుపోతారు. అక్కడి సర్కారు దవాఖానాలను ఏళ్ల తరబడి నడిపింది వైద్య విధాన పరిషత్తు. దానికి ప్రాణం పోసింది 1986 నాటి చట్టం. అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు. వెండితెర రాముడిగా, కృష్ణుడిగా ఆయనను ఎరగని ఊరు లేదు. దవాఖానాల సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ.

రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో విజయవాడలో సైకిలుపై తిరిగి పాలు పోశారు. సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం దొరికినా కొద్ది రోజులకే వదిలి మద్రాసు చేరారు. 1949లో ‘మనదేశం’తో తెరకెక్కారు.

1952లో రాయలసీమ కరువు వచ్చినప్పుడు తోటి నటులతో కలిసి ఊరూరా జోలె పట్టారు. 1977లో దివిసీమ ఉప్పెన వేళా విరాళాలు పోగుచేశారు. ఆపద వచ్చినప్పుడు జోలె నిండుతుంది. రోజువారీ ఆకలికి, జ్వరానికి, కాన్పుకు మాత్రం ఖజానాయే దిక్కు.

1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చారు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. తర్వాతి కాలంలో నిజాంసాగర్ మండలం నుంచి విడిపోయినదే మహమ్మద్‌నగర్ మండలం.

ఆరోగ్య కేంద్రానికి పైన, పెద్ద బోధనాసుపత్రికి కింద ఉండే జిల్లా, తాలూకా స్థాయి దవాఖానాలు హైదరాబాదు కార్యాలయాల వైపే చూస్తుండేవి. 1986 చట్టం వాటిని పరిషత్తుకు అప్పగించింది. ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. పరిషత్తు విరాళాలు కూడా తీసుకునే వీలుండేది. 1987లో పని మొదలైంది. ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా 1986 చట్టంతోనే విజయవాడలో వెలసింది.

అయితే పరిషత్తుకు సొంత పన్ను ఉండేది కాదు. గ్రాంటు ఆలస్యమైతే జీతాలూ ఆలస్యమయ్యేవి. ఖజానా నుంచి 010 పద్దు కింద జీతాలు ఇవ్వాలని ఉద్యోగులు ఏళ్ల తరబడి అడిగారు. చట్టం రాసినంత తేలిక కాదు, దాని వెనక సొమ్ము నిలపడం.

ఆ చిక్కు ఆయన పాలన అంతటా కనిపిస్తుంది. ఒకవైపు బియ్యం రాయితీ. మరోవైపు ఖజానాకు సారా రాబడి. సర్కారే పొట్లాల్లో సారా అందించిన ‘వారుణి వాహిని’ ఆయన తొలి ఏలుబడిలోదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. 1994 చివర మళ్లీ గద్దెనెక్కిన రామారావు 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. ఆడవాళ్ల కన్నీరు తుడిచారు గాని, ఖజానాకు పెద్ద రాబడి తగ్గింది.

ఆ ఏడే పదవి పోయింది. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. అదే ఏడాది కిలో బియ్యం 3 రూపాయల 50 పైసలైంది. 1997లో నిషేధం సడలింది. పరిషత్తు మాత్రం నిలిచింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇక్కడ అది తెలంగాణ వైద్య విధాన పరిషత్తు అయింది.

పల్లె రోగికి చట్టం తలుపు తెరిచింది. లోపల డాక్టరు, మందు ఉండాలంటే ఏటేటా బడ్జెట్టులో సొమ్ము పడాలి. రామారావు పాలన నుంచి నేర్చుకోవలసింది ఈ రెండూ.